ఎన్ని నక్షత్రాలదో చూడు, తమ్ముడూ!

కాణుం పొంగల్ నాడు ఇంట్లో కూర్చుంటే పాపం అన్నట్టు మా ధర్మపురిలో అందరూ ఎక్కడికో ఒకచోటికి బయలుదేరతారు. సగం ఊరు హొగేనకల్ జలపాతానికి పోతుంది. ఆ రద్దీకి జడిసి ఈసారి మేము వత్తల్‌మలై ఎక్కాము. ధర్మపురి నుండి పాతిక కిలోమీటర్ల దూరం. పక్క జిల్లాలోని ఏర్కాడుకున్నంత పేరు ఈ కొండకు లేదు. అదే దీని అదృష్టం అని నా అభిప్రాయం. దారిలో ఇరవైకి పైగా వెంట్రుకపిన్ను మలుపులు. పైకి వెళితే సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు, ఖాళీ ఉన్నచోట సామలు, రాగులు. అక్కడ ఉండేవారు మలయాళి అనే గిరిజనులు. పేరు చూసి కేరళ వారనుకునేరు, కాదు. మాట్లాడేది తమిళమే.

వ్యానులో పిల్లల పాటలు, పులిహోర డబ్బాల చప్పుడు. నా పక్కన మా పెద్దక్కయ్య. పదో మలుపో పదకొండో మలుపో తిరుగుతుండగా ఆమె నా చెవి దగ్గరికి వంగి అంది:

"తమ్ముడూ, చింతతోపు డబ్బు చేతికొచ్చింది. ఎనిమిది లక్షలు. మళ్ళీ ఆ ఫండులోనే వేద్దామా? ఎన్ని నక్షత్రాలదో చూడు."

నా కడుపులో తిప్పింది. అది మలుపుల వల్ల కాదు.

ఎందుకో చెప్పాలంటే 2018 కి వెళ్ళాలి. మా బావగారు పోయిన తర్వాత ఆయన ప్రావిడెంటు ఫండు డబ్బు ఆరు లక్షలు అక్కయ్య చేతికి వచ్చింది. నేను ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ణి. ఇంట్లో ఎవరికి డబ్బు సందేహం వచ్చినా నన్నే అడుగుతారు. నాకూ అది గర్వంగానే ఉండేది. ఆ జనవరిలో ఒక పత్రికలో మ్యూచువల్ ఫండ్ల పట్టిక వేశారు. ఒక పథకం పక్కన ఐదు నక్షత్రాలు మెరుస్తున్నాయి. గడచిన మూడేళ్ళలో వచ్చిన లాభం చూస్తే కళ్ళు చెదిరాయి. చిన్న కంపెనీల షేర్లు కొనే పథకం అది, అంటే స్మాల్ క్యాప్. పేరు చెప్పను, తప్పు దానిది కాదు. "ఐదుకు ఐదు నక్షత్రాలక్కా, ఇంతకన్నా ఏం కావాలి?" అన్నాను. ఆమె సంతకం పెట్టింది.

చిన్న కంపెనీల షేర్లు సరిగ్గా ఆ జనవరిలోనే శిఖరానికి చేరి, అక్కడి నుండి దిగడం మొదలుపెట్టాయి. రెండేళ్ళు నెమ్మదిగా దిగాయి. 2020 మార్చిలో కరోనా భయంతో కుప్పకూలాయి. 2018 జనవరి నుండి ఆ రోజు దాకా లెక్కవేస్తే చిన్న కంపెనీల సూచీ సగానికి పైగా పోయింది. అక్కయ్య కూతురి పెళ్ళి మే నెలలో అని ముందే ముహూర్తం పెట్టుకున్నారు. నగల దుకాణానికి డబ్బు కట్టాలి. మార్చి ఆఖరి వారంలో యూనిట్లు అమ్మితే ఆరు లక్షలకు మూడు లక్షల నలభై వేలు వచ్చాయి. తరువాత ఏడాదిలో అదే సూచీ రెట్టింపు దాటి పైకి లేచింది. మనవి అప్పటికే అమ్ముడుపోయాయి కదా! లాక్‌డౌనులో ఇరవైమందితో పెళ్ళి జరిగింది. అక్కయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఒకరోజు అదే పథకం ఎలా ఉందో చూస్తే దానికి రెండే నక్షత్రాలు మిగిలాయి. ఇదేమి వింత, పత్రిక తప్పు వేసిందా అనుకున్నాను. అప్పుడు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు సగటు, శాతం, చక్రవడ్డీ చెప్పినవాణ్ణి, నా అక్క డబ్బు పెట్టేముందు చేయవలసిన పని పెట్టాక చేశాను.

కొండ మీద ఒక కాఫీ తోట వారి ఇంటి ముందు వ్యాను ఆగింది. పిల్లలు తోటలోకి పరుగెత్తారు. ముంగిట్లో ఎర్రటి కాఫీ పళ్ళు ఎండబోసి ఉన్నాయి. కొన్ని అప్పుడే నల్లబడుతున్నాయి. ఆ ఇంటావిడ కాలితో వాటిని కలియబెడుతూ తమిళంలో మాతో మాట్లాడుతోంది. అక్కయ్య అరుగు మీద కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చుని, ఆరేళ్ళుగా చెప్పాలనుకున్నది అక్కడే మొదలుపెట్టాను. పాఠకులకు కూడా అదే క్రమంలో చెబుతాను, ఎందుకంటే మన ఇళ్ళలో చాలామంది ఈ నక్షత్రాలను హోటలు నక్షత్రాల్లాగానే చూస్తున్నారు.

"అక్కా, నక్షత్రాలంటే మార్కులు కావు, ర్యాంకులు" అన్నాను.

మా బడిలో ఒక ఏడాది ఆరో తరగతి సి సెక్షనులో లెక్కల్లో సగం మంది తప్పారు. అయినా ఫస్టు ర్యాంకు ఒకడికి వచ్చింది. క్లాసంతా తప్పినా ఒకడికి ఫస్టు ర్యాంకు తప్పదు! నక్షత్రాలూ అంతే. అమెరికాలో మార్నింగ్‌స్టార్ అనే సంస్థ 1985 లో ఈ నక్షత్రాల పద్ధతి మొదలుపెట్టింది. మన దేశంలో వేల్యూ రీసెర్చ్ వారూ నక్షత్రాలే ఇస్తారు. ఒకే తరగతికి చెందిన పథకాలన్నిటినీ వరుసలో నిలబెట్టి, గడచిన కాలంలో వచ్చిన లాభంలో నుండి ఒడుదొడుకులకు కొంత తగ్గించి లెక్కకడతారు. వరుసలో మొదటి 10 శాతానికి ఐదు నక్షత్రాలు, ఆ తర్వాతి 22.5 శాతానికి నాలుగు, నడిమి 35 శాతానికి మూడు, ఆ కింది 22.5 శాతానికి రెండు, చివరి 10 శాతానికి ఒకటి. తరగతి మొత్తం మునిగిపోతున్నా పదిమందిలో ఒకడు ఐదు నక్షత్రాలతోనే మునుగుతాడు.

ఇందులో ఇంకో చిక్కుంది. క్రిసిల్ సంస్థ నక్షత్రాలు కాకుండా ర్యాంకు ఇస్తుంది. అక్కడ 1 అంటే అన్నిటికన్నా మేలు, 5 అంటే అడుగు. నక్షత్రాల్లో 5 మేలు, 1 అడుగు. ఒకే పథకానికి ఒక పట్టికలో 5, ఇంకో పట్టికలో 1 కనబడితే రెండూ ఒకే మాట చెబుతూ ఉండవచ్చు. పట్టిక కింద సన్న అక్షరాలు చదవకపోతే తలకిందులుగా అర్థం చేసుకుంటాము.

ఏ తరగతిలో ర్యాంకు అన్నది మరీ ముఖ్యం. 2017 అక్టోబరులో సెబీ వారు పథకాలన్నిటినీ 36 తరగతులుగా విడగొట్టారు. మార్కెట్టు విలువలో మొదటి 100 కంపెనీలు పెద్దవి, 101 నుండి 250 దాకా మధ్యవి, 251 నుండి కిందివన్నీ చిన్నవి అని నిర్వచనం ఇచ్చారు. అంతకు ముందు పేరు ఒకటి, లోపల సరుకు ఒకటి అన్నట్టుండేది. స్మాల్ క్యాప్‌లో ఐదు నక్షత్రాలు అంటే చిన్న కంపెనీల పథకాల్లో ముందున్నది అని మాత్రమే. పెద్ద కంపెనీల పథకం కన్నా మేలని కాదు, ఫిక్సెడ్ డిపాజిట్టు కన్నా మేలని అసలే కాదు, రెండేళ్ళలో పెళ్ళి పెట్టుకున్న ఇంటికి తగినదని అంతకన్నా కాదు. నేను చూడనిది ఇదే.

అక్కయ్య విని, "అయితే ఇది జరిగిపోయిన దానికిచ్చే ర్యాంకేగా? రేపటి సంగతి?" అంది. మా అక్కయ్య ఎనిమిదో తరగతితో చదువు ఆపేసింది. నాకు రెండేళ్ళు పట్టిన ప్రశ్న ఆమెకు రెండు నిమిషాల్లో వచ్చింది.

రేపటి సంగతి అమెరికా వారు లెక్కవేసి చూశారు. వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక 2017 లో మార్నింగ్‌స్టార్ నక్షత్రాల చరిత్రనంతా తిరగేసింది. ఐదు నక్షత్రాలు పొందిన పథకాల్లో, ఆ తర్వాతి ఐదేళ్ళ పనితీరుకు మళ్ళీ ఐదు తెచ్చుకోగలిగినవి నూటికి 12 మాత్రమే అని తేలింది. మార్నింగ్‌స్టార్ వారు కూడా ఇది జోస్యం కాదు, వెదకడం మొదలుపెట్టడానికి ఒక సాధనం అనే చెబుతారు. తప్పు నక్షత్రాలిచ్చినవారిది కాదు, వాటిని జాతకంలాగా చదివిన నాలాంటి వారిది.

ఈలోగా ఇంటావిడ మాకు నల్ల కాఫీ తెచ్చింది. బెల్లం వేసినది. మాట కలుపుతూ, కాఫీ పంటకు ధర ఎలా వస్తుందని అడిగాను. వ్యాపారి చెప్పే ధర ఒకటి, చేతికొచ్చేది ఒకటి అంది. సంచి బరువుకింత తరుగు, తేమకింత తరుగు, దించేవాడి కూలి ఇంత. "ధర ఎక్కువ చెప్పేవాడు తరుగు కూడా ఎక్కువ తీస్తాడు, అందుకే మేము మొదట తరుగు ఎంతో అడుగుతాము" అంది. నేను అక్కయ్య వైపు చూశాను. తరుగు దగ్గరికి వస్తాను, ముందు ముల్లు సంగతి చెప్పాలి.

మ్యూచువల్ ఫండు ప్రకటనల్లో అర్ధచంద్రాకారంలో స్కూటరు స్పీడోమీటరు లాంటి బొమ్మ చూసి ఉంటారు. దాని పేరు రిస్కోమీటర్. 2013 లో సెబీ మొదట రంగుల గుర్తులు పెట్టింది. 2015 జూలై నుండి ఐదు గడుల రిస్కోమీటర్ వచ్చింది. నేను అక్కయ్య చేత సంతకం పెట్టించినప్పటిది ఆ పాత బొమ్మే. అప్పట్లో చాలా షేర్ల పథకాల మీద ముల్లు "మోడరేట్లీ హై" అన్నచోట ఉండేది. దానిని "ఒక మాదిరి ఎక్కువ" అని చదువుకుని, మాదిరే కదా అని సరిపెట్టుకున్నాము.

2020 ఏప్రిల్ 23 న దేశమంతా ఉలిక్కిపడిన సంగతి ఒకటి జరిగింది. ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ వారు తమ ఆరు రుణపత్రాల పథకాలను ఒక్కసారిగా మూసివేశారు. దాదాపు పాతిక వేల కోట్ల రూపాయలు అందులో చిక్కుకున్నాయి. అవి షేర్ల పథకాలు కావు, డెట్ ఫండ్లు. బ్యాంకు డిపాజిట్టు కన్నా కాస్త ఎక్కువ వస్తుందని పెట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. చివరికి కోర్టుల ద్వారా, విడతలు విడతలుగా, మొత్తం మీద మూసిననాటి విలువ కన్నా కొంత ఎక్కువే తిరిగి వచ్చింది. కాని అవసరానికి అందని డబ్బు ఎంతయితే ఏమిటి?

అదే ఏడాది అక్టోబరులో సెబీ కొత్త లెక్క ప్రకటించింది. 2021 జనవరి 1 నుండి గడులు ఆరయ్యాయి. చివరిది "వెరీ హై". పథకంలో నిజంగా ఉన్న సరుకును బట్టి నెలనెలా ముల్లును సరిచూడాలి. షేర్లకు కంపెనీ పరిమాణం, ధర ఊగిసలాట, అమ్మబోతే ధర ఎంత దెబ్బతింటుంది, ఈ మూడింటికీ అంకెలు వేసి సగటు తీస్తారు. కంపెనీ పరిమాణానికి పెద్దదైతే 5, మధ్యదైతే 7, చిన్నదైతే 9. మొత్తం సగటు 5 దాటిందా, ముల్లు చివరి గడిలో పడుతుంది.

లెక్కల మాస్టారును కదా, ఇక్కడ నాకొక అభ్యంతరం. పెద్ద కంపెనీల పథకానికి సగటు 5 కి కాస్త పైన వచ్చినా "వెరీ హై". చిన్న కంపెనీలకు 7 దాటినా "వెరీ హై". కాబట్టి షేర్ల పథకాలు దాదాపు అన్నీ ఒకే గడిలో కూర్చుంటాయి. 35 మార్కుల వాడూ 95 మార్కుల వాడూ ఇద్దరూ పాస్ అన్నట్టు. ఇది షేర్లా, కాదా అని చెప్పడానికి ముల్లు పనికొస్తుంది. షేర్లలో ఏది ఎంత అని అడిగితే నోరు విప్పదు. మన అక్కయ్య 2018 లో ఈ కొత్త ముల్లు చూసి ఉన్నా, స్మాల్ క్యాప్‌కూ నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండుకూ తేడా తెలిసేది కాదు.

డెట్ ఫండ్ల విషయంలో మాత్రం ముల్లు నిజంగా ఉపయోగమే. ప్రభుత్వ బాండ్లున్నవి, మంచి పరపతి ఉన్న కంపెనీల అప్పులున్నవి, బలహీనమైన అప్పులున్నవి వేరువేరు గడుల్లో పడతాయి. పైగా 2021 డిసెంబరు నుండి డెట్ ఫండ్లకు తొమ్మిది గడుల చదరం ఒకటి వచ్చింది. ఆ పథకం గరిష్ఠంగా ఎంత ప్రమాదం దాకా పోవచ్చో అందులో ఉంటుంది. వడ్డీ రేట్ల ప్రమాదానికి I, II, III. అప్పు ఎగవేత ప్రమాదానికి ఎ, బి, సి. "ఎ-I" అంటే అన్నిటికన్నా నెమ్మది, "సి-III" అంటే అన్నిటికన్నా దూకుడు. ముల్లు ఈ నెల సంగతి చెబుతుంది, చదరం రేపు ఎంతదూరం పోవడానికి అనుమతి ఉందో చెబుతుంది. నన్నడిగితే డెట్ ఫండుకు చదరమే ముందు చూడాలి.

ఇప్పుడు తరుగు.

దీని అసలు పేరు ఎక్స్‌పెన్స్ రేషియో. ఫండును నడిపే సంస్థ జీతాలు, ప్రకటనలు, ఏజెంటు కమీషను అన్నీ ఇందులోనే. దీనిని మన దగ్గర బిల్లు వేసి తీసుకోరు. అందుకే ఎవరికీ కనిపించదు. ఏడాదికి ఇంత శాతం అని చెప్పి, దానిని రోజులకు పంచి, ప్రతి రోజూ యూనిట్ విలువలో నుండి మినహాయించాకే పత్రికలో ధర వేస్తారు. లక్ష రూపాయలకు ఏడాదికి 1.8 శాతం అంటే రోజుకు దాదాపు ఐదు రూపాయలు. మార్కెట్టు పెరిగిన రోజూ ఐదే, పడిన రోజూ ఐదే, దీపావళి సెలవునాడూ ఐదే. అక్కయ్య ఆరు లక్షలు మూడు లక్షల నలభై వేలయినప్పుడు కూడా తరుగు మాత్రం ఆగలేదు.

ఒకప్పుడు ఇంతకన్నా ఘోరంగా ఉండేది. పెట్టేటప్పుడే 2.25 శాతం దాకా ఎంట్రీ లోడు తీసేవారు. లక్ష ఇస్తే 97,750 రూపాయలకే యూనిట్లు వచ్చేవి. 2009 ఆగస్టు 1 నుండి సెబీ దానిని ఎత్తివేసింది. 2013 జనవరి నుండి ప్రతి పథకానికీ డైరెక్ట్ ప్లాన్ అని రెండో తలుపు తెరిచింది. అంటే ఏజెంటు లేకుండా నేరుగా కొంటే, ఆ కమీషను మేరకు తరుగు తక్కువ. పథకం అదే, లోపలి షేర్లు అవే, నడిపేవాడూ అతనే. 2019 ఏప్రిల్ నుండి తరుగుకు మెట్లు కట్టింది. షేర్ల పథకంలో మొదటి 500 కోట్లకు 2.25 శాతానికి మించరాదని, పథకం పెద్దదవుతున్న కొద్దీ తగ్గాలని నియమం. 2025 డిసెంబరులో సెబీ బోర్డు ఈ నియమాలను మళ్ళీ తిరగరాయడానికి ఒప్పుకుంది. పన్నులు, సుంకాలు అసలు తరుగు నుండి విడదీసి చూపాలన్నది అందులో ముఖ్యమైనది. కనుక రెండు పథకాల తరుగు పోల్చేటప్పుడు రెండు అంకెలూ ఒకే పద్ధతివేనా అని చూసుకోండి.

ఒక్క శాతం తేడా ఏపాటిది అనిపిస్తుంది. నేను అరుగు మీద బొగ్గుముక్కతో అక్కయ్యకు వేసి చూపిన లెక్క ఇది. రాబడికి హామీ ఏమీ లేదు, లెక్క కోసం అనుకుందాం. లక్ష రూపాయలు ఏడాదికి 12 శాతం చొప్పున 20 ఏళ్ళు పెరిగితే సుమారు 9 లక్షల 64 వేలు. తరుగు ఒక్క శాతం ఎక్కువై 11 శాతమే మిగిలితే 8 లక్షల 6 వేలు. తేడా లక్షా 58 వేలు. అదే ఐదు లక్షలు పెడితే తేడా 7 లక్షల 92 వేలు.

"పెట్టిన అసలు కన్నా ఎక్కువ!" అంది అక్కయ్య. చక్రవడ్డీ మనకు పనిచేసినట్టే తరుగుకూ పనిచేస్తుంది.

మార్నింగ్‌స్టార్‌లోనే పనిచేసే రసెల్ కిన్నెల్ 2010 లో దీనిని పరీక్షించి రాశాడు. ఏ తరగతిలో చూసినా, ఏ కాలంలో చూసినా, తక్కువ తరుగు పథకాలు ఎక్కువ తరుగు పథకాల కన్నా మేలుగా నిలిచాయని, పోల్చిచూస్తే తరుగు చెప్పిన జోస్యం నక్షత్రాలు చెప్పినదాని కన్నా నమ్మదగినదిగా ఉందని తేల్చాడు. నక్షత్రాలమ్మే దుకాణంలోని మనిషే ఈ మాట రాయడం నాకు నచ్చింది. ఆలోచిస్తే ఆశ్చర్యమేమీ లేదు. రాబడి రేపటిది, ఊహ. తరుగు ఈ రోజే కాగితం మీద ఉంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇది కొత్త కాదు. 1976 లో వాన్‌గార్డ్ సంస్థ ద్వారా జాన్ బోగుల్ సామాన్యుల కోసం మొదటి ఇండెక్స్ ఫండు తెచ్చాడు. ఏ షేరు కొనాలని బుర్ర బద్దలు కొట్టుకోకుండా సూచీలో ఉన్నవన్నీ అదే పాళ్ళలో కొనేస్తే, నడపడానికి ఖర్చేముంటుంది? మన దేశంలో కూడా నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్లు డైరెక్ట్ ప్లాన్‌లో పావు శాతం కన్నా తక్కువ తరుగుకు దొరుకుతున్నాయి. మార్కెట్టు పడితే ఇవీ పడతాయి, అందులో మొహమాటం ఏమీ లేదు. కాని ర్యాంకు పోతుందేమో అనే బెంగ లేదు.

తరుగు తక్కువైతే చాలు అని కూడా అనుకోకండి. మా తరం వారికి 1994 గుర్తుంటుంది. మోర్గాన్ స్టాన్లీ గ్రోత్ ఫండుకు దరఖాస్తుల కోసం జనం బారులు తీరారు, ఫారాలు బ్లాకులో అమ్ముడుపోయాయి. యూనిట్ పది రూపాయలకే వస్తోందని మా స్టాఫ్ రూములో సగం మంది ఊగిపోయారు. పది రూపాయల యూనిట్ చవకా కాదు, వంద రూపాయల యూనిట్ ప్రియమూ కాదు. లోపలి సరుకు పది శాతం పెరిగితే రెండూ పది శాతమే పెరుగుతాయి. 1964 నుండి నడిచిన యు.ఎస్. 64 సర్కారుది కదా అని కళ్ళు మూసుకుని పెట్టినవారు 2001 జూలైలో తిరిగి కొనడం ఆపేశారని విని బ్యాంకుల ముందు నిలబడ్డారు. మా పెరుందురై వైపు ఈము పక్షుల కంపెనీలను నమ్మినవారి గతి 2012 లో ఏమైందో చెప్పనక్కరలేదు. అవి ఫండ్లు కావులెండి, పోలిక తప్పే. కాని "ఎంతొస్తుంది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టే మన అలవాటు మాత్రం అన్నిచోట్లా ఒకటే.

బొగ్గు చేతులు కడుక్కుని వచ్చాక నేను అక్కయ్యను అసలు ప్రశ్న అడిగాను. 2018 లో అడగవలసినది. "ఈ డబ్బు నీకు ఎప్పుడు కావాలి?"

ఆమె తడుముకోలేదు. వచ్చే వేసవికి మిద్దె బాగుచేయించాలి, వానకు కారుతోంది, మూడు లక్షలవుతుంది. తక్కిన ఐదు లక్షలు తన మనవడి చదువుకు. వాడికి మూడేళ్ళు. అంటే మూడు లక్షలకు ఏ నక్షత్రమూ అక్కరలేదు. దానికి బ్యాంకు డిపాజిట్టే. ఏడాదిలో కావలసిన డబ్బు షేర్ల దరిదాపులకు పోకూడదు. పదిహేనేళ్ళ దాకా తాకనక్కరలేని ఐదు లక్షలకు మాత్రమే మనం ఇంతసేపూ మాట్లాడినదంతా.

"ఇది అప్పుడే అడిగి ఉంటే?" అంది. నెమ్మదిగానే అంది. కోపం లేదు గొంతులో. ఆరేళ్ళకు ఆ మాట వచ్చింది. "తప్పు నాదేనక్కా" అన్నాను. ఆమె గ్లాసులో మిగిలిన కాఫీ తాగి, "బెల్లం కాఫీ బాగుందిరా" అంది. కాసేపటికి పిల్లలు మోకాళ్ళ నిండా మట్టితో వచ్చారు. ఇంటావిడ దగ్గర అరకిలో మిరియాలు, కిలో కాఫీ గింజలు కొన్నాము. మా అక్కయ్య తూకం చూస్తూ, "సంచి బరువు తీసేశావా తల్లీ?" అని ఆమెనే అడిగింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

తరువాతి ఆదివారం మా ఏజెంటు ఇంటికి వచ్చాడు. మంచివాడు. బావగారు పోయినప్పుడు ఆయన పేరున ఉన్న పాత యూనిట్లను అక్కయ్య పేరుకు మార్చడానికి మూడుసార్లు సేలం తిరిగాడు, పైసా అడగలేదు. బ్యాగులోంచి రంగుల కాగితాలు తీసి పరుస్తూ, "ఇది ఐదు నక్షత్రాలదమ్మా" అని మొదలుపెట్టాడు.

"తరుగెంత తంబీ?" అంది అక్కయ్య.

అతనికి అర్థం కాలేదు. నేను విడమరచి చెప్పాను. ఫోనులో చూసి, రెగ్యులర్‌లో 1.9 శాతం, డైరెక్టులో 0.8 అన్నాడు. దాచలేదు. "మధ్యలో ఉన్న ఆ 1.1 లో నీకెంత వస్తుంది, దానికి నువ్వు నాకేం చేస్తావు?" అని అడిగింది. ఇలా అడిగితే బాగుండదేమో అని నేను కాస్త ఇబ్బందిపడ్డాను గాని, అతను కూర్చుని చెప్పాడు. ఏడాదికొకసారి వచ్చి లెక్క చూపుతాను, నామినీ, బ్యాంకు మార్పులు, చిరునామా మార్పులు చూసుకుంటాను, మార్కెట్టు పడినప్పుడు భయపడి అమ్మకుండా ఆపుతాను అన్నాడు. ఆ చివరి మాట దగ్గర నేను కిటికీలోంచి బయటికి చూశాను.

లెక్క ప్రకారం ఐదు లక్షలూ డైరెక్టులోనే పెట్టాలని నా అభిప్రాయం. అక్కయ్య వినలేదు. మూడున్నర లక్షలు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండు డైరెక్ట్ ప్లాన్‌లో, ఒకటిన్నర లక్ష ఏజెంటు చేతుల మీదుగా ఒక పెద్ద కంపెనీల పథకంలో. "అతను సేలం తిరిగిన బస్సు ఛార్జీ అనుకో" అంది. ఏజెంటు లేకుండా కట్టడం చేతకాక నలభై నిమిషాలు నేను ఫోనుతో కుస్తీపట్టిన సంగతి మనవడు ఇప్పటికీ అభినయించి చూపుతున్నాడు. డైరెక్టుకు అది కూడా ఒక తరుగే కాబోలు.

ఫారం నింపేటప్పుడు నామినీ గడి దగ్గర అక్కయ్య ఆగి, "ఇక్కడ వాడి పేరు రాయి" అంది. వాడు మైనరు కాబట్టి పుట్టిన తేదీ, గార్డియన్ పేరు కూడా రాయాలన్నాడు ఏజెంటు. గార్డియన్ గడిలో వాళ్ళమ్మ పేరు రాశాను. 2020 మే లో ఇరవైమంది మధ్య పెళ్ళి జరిగిన పిల్లే.